ఫారం, రిపోర్టు: ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఫారం గానీ రిపోర్టు గానీ డేటాను తన దగ్గర దాచుకోదు. డేటా ఉండేది టేబుల్లోనే. ఏ టేబుల్ లేదా క్వెరీ (టేబుళ్ల నుంచి కావలసిన వరుసలు ఏరి ఇచ్చేది) నుంచి వరుసలు రావాలో రికార్డ్ సోర్స్ చెబుతుంది, ఒక్కో పెట్టెలో ఏ ఫీల్డ్ కనపడాలో కంట్రోల్ సోర్స్ చెబుతుంది. అంకె తేడాగా కనిపిస్తే డిజైన్ జోలికి పోకుండా ముందు ఈ రెండూ చూడండి.

బిల్లు ఫారంలో కస్టమర్ పేరు టైప్ చేయించకండి. ఒకే మనిషి నాలుగు స్పెల్లింగులతో చేరిపోతాడు. కాంబో బాక్స్ (జాబితాలోంచి ఎంచుకునే పెట్టె) పెట్టి, అందులో మొదటి కాలమ్ కస్టమర్ నంబరు, రెండోది పేరు ఉంచి, కాలమ్ కౌంట్ 2, బౌండ్ కాలమ్ 1, కాలమ్ విడ్త్స్ 0;5 సెం.మీ. ఇవ్వండి. కంటికి పేరు కనిపిస్తుంది, టేబుల్లోకి కస్టమర్ నంబరు వెళ్తుంది. వస్తువుల వరుసలకు సబ్‌ఫారం, అంటే ఫారం లోపల ఇంకో ఫారం, కావాలి. దాని లింక్ మాస్టర్, లింక్ చైల్డ్ ఫీల్డులు రెండిట్లోనూ బిల్లు నంబరు ఉండాలి. అవి ఖాళీగా ఉంటే ప్రతి బిల్లు కిందా అన్ని బిల్లుల వస్తువులూ వచ్చి పడతాయి.

ధర ఫీల్డును ఫారం మీదకి లాగి, దాని కంట్రోల్ సోర్స్‌ని =[పరిమాణం]*[ధర] అని మారిస్తే ఎర్రర్ చూపిస్తుంది. పెట్టె పేరు కూడా ఇంకా ధరే కాబట్టి అది తనని తానే వెతుక్కుంటుంది. నేమ్ ప్రాపర్టీలో వేరే పేరు పెడితే సరిపోతుంది.

రిపోర్టులో అసలు చిక్కు మొత్తాల దగ్గరే. బిల్లునూ వస్తువులనూ కలిపిన క్వెరీలో, 3 వస్తువులున్న బిల్లు 3 వరుసలుగా వస్తుంది. ఆ బిల్లుకి రవాణా ఖర్చు 200 అయితే, రిపోర్ట్ ఫుటర్లో (రిపోర్టు చివరి భాగంలో) సమ్ వేసినప్పుడు 600 చూపిస్తుంది. సూత్రంలో తప్పేమీ లేదు, 200 మూడుసార్లు వచ్చింది, అంతే. బిల్లు నంబరు మీద గ్రూప్ చేసి, గ్రూప్ హెడర్‌లో రవాణా ఖర్చుకి ఇంకో పెట్టె పెట్టండి. దాని రన్నింగ్ సమ్‌ని (వరుసగా కూడుకుంటూ పోయే మొత్తాన్ని) ఓవర్ ఆల్ చేసి, విజిబుల్‌ని నో చేయండి. ఇక రిపోర్ట్ ఫుటర్లో ఆ పెట్టె పేరు రాస్తే చాలు. హెడర్ బిల్లుకి ఒక్కసారే వస్తుంది కాబట్టి కూడిక సరిగ్గా ఉంటుంది. వస్తువుల విలువకి మాత్రం మామూలు సమ్ చాలు, కానీ అందులో లెక్క కట్టిన పెట్టె పేరు ఇస్తే పనిచేయదు; =Sum([పరిమాణం]*[ధర]) అని పూర్తిగా రాయాలి. పేజ్ ఫుటర్లో సమ్ పెడితే ఎర్రరే.

వస్తువులు ఇంకా ఎక్కించని బిల్లు రిపోర్టులో కనపడలేదంటే క్వెరీలో ఉన్నది ఇన్నర్ జాయిన్, అంటే రెండు టేబుళ్లలోనూ జత దొరికిన వరుసలనే తెచ్చేది. బిల్లులన్నీ వచ్చేలా బిల్లుల వైపు నుంచి లెఫ్ట్ జాయిన్ చేయండి.

ప్రింటులో పేజీ విడిచి పేజీ ఖాళీగా వస్తుంటే రిపోర్టు వెడల్పు ఎక్కువైందన్న మాట. నిలువు ఏ4 కాగితం 21 సెం.మీ.; రెండు పక్కలా 2 చొప్పున మార్జిన్ పోతే మిగిలేది 17. విడ్త్ ప్రాపర్టీ అంతకు తగ్గడం లేదంటే, కుడి అంచు దాటి ఏదో గీతో ఖాళీ లేబులో ఉండిపోయి ఉంటుంది. ముందు దాన్ని ఎడమకి జరపండి.