విమానపు ఫిట్టింగులు: మందం కన్నా అంచు ముఖ్యం

సొంతంగా విమానం కడుతున్నానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఇంజిను సంగతి, ఆ తరువాత రెక్కల పొడవు, ఆఖరున కాస్త మొహమాటంగా, అది నిజంగా ఎగురుతుందా అని. ఆ రెక్కను విమాన దేహానికి పట్టి ఉంచే అరచేయంత ఉక్కు ముక్కల గురించి, అంటే ఫిట్టింగుల గురించి, అడిగినవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. కర్రపని కంటికి కనబడేలా ముందుకు సాగుతుంది. ఫిట్టింగుల పని అలా కాదు. పొద్దంతా ఆకురాయి పట్టినా సాయంత్రానికి చూపించడానికి రెండు చిన్న ముక్కలు తప్ప ఏమీ ఉండవు. అయినా ఈ నిర్మాణం మొత్తంలో నేను అన్నిటికన్నా నిదానంగా చేసే పని ఇదే, దానికి కారణాలు ఈ వ్యాసంలో రాస్తాను.

నేను కడుతున్నది తలకు పైన ఒకే రెక్క ఉండే పారాసోల్ తరహా రెండు సీట్ల విమానం. దేహమూ రెక్క దూలాలూ స్ప్రూస్ కర్రవి, పైన గుడ్డ తొడుగు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజినుతో ఎగరేసిన ఎయిర్ క్యాంపర్ ఈ కోవకు చెందినదే. దానిని ఇప్పటికీ ఇళ్లలో కడుతూనే ఉన్నారు. ఇటువంటి విమానంలో కర్ర ఎంత బలమైనదైనా, ఒక కర్ర భాగం మోస్తున్న బరువు ఇంకొక దానికి చేరేది ఉక్కు ఫిట్టింగు ద్వారానే. రెక్క మీద మీటర్ల పొడవునా పరచుకొని ఉన్న ఎత్తుడు బలమంతా అక్కడికి వచ్చేసరికి ఒక్క బోల్టు రంధ్రం చుట్టూ పోగవుతుంది.

అంకెలతో చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సాధారణ తరగతి తేలిక విమానాలకు గరిష్ఠ భారాన్ని బరువుకు 3.8 రెట్లుగా తీసుకొని, దాని మీద భద్రత కోసం మరో 1.5తో హెచ్చించడం చిరకాలంగా వస్తున్న లెక్క. విమానం మొత్తం బరువు 500 కిలోలైతే నిర్మాణం విరగకుండా ఓర్చుకోవలసిన భారం 2850 కిలోలు. అందులో ఒక వైపు ముందు స్ట్రట్ కడ్డీ (రెక్కను కింది నుంచి దేహానికి కలిపే కడ్డీ) మోయవలసిన నిలువు భారం 700 కిలోలనుకుందాం. కడ్డీ నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. నేలకు సమాంతర రేఖతో 30 డిగ్రీల కోణంలో ఉంటే దానిలో పుట్టే లాగుడు సరిగ్గా రెట్టింపు, అంటే 1400 కిలోలు. పావు అంగుళం వ్యాసం గల ఏఎన్ రకం (అమెరికా సైనిక ప్రమాణపు) విమాన బోల్టు, రెండు చెవుల మధ్య, అంటే ఫిట్టింగులో రంధ్రం ఉండే రెండు రేకు కొసల మధ్య, రెండు తలాల్లో కోత బలాన్ని ఎదుర్కొనేలా బిగించినప్పుడు, 3300 కిలోలకు పైగా ఓర్చుకుంటుంది. కాబట్టి బోల్టు గురించి బెంగ లేదు. చూసుకోవలసింది ఆ బోల్టును పట్టుకొని ఉన్న రేకు చెవి సంగతి.

ఇక్కడే చాలామందికి, ముఖ్యంగా ఇంటి గేట్లు, ట్రాలీలు వంటివి వెల్డింగు చేసి చెయ్యి తిరిగినవారికి, ఒక ఆలోచన తడుతుంది: అనుమానంగా ఉంటే రేకు మందం పెంచేస్తే పోతుంది కదా అని. నేల మీద నిలబడే వస్తువులకు ఈ సూత్రం బాగానే పనిచేస్తుంది. విమానంలో మాత్రం ఇది బరువు పెంచినంత తేలికగా బలాన్ని పెంచదు. లాగుడులో ఉన్న వెడల్పాటి పలకలో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి సగటుకు మూడు రెట్లు ఉంటుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టి చూపాడు. 1913లో బ్రిటిష్ ఇంజనీరు ఇంగ్లిస్ దీర్ఘవృత్తాకారపు రంధ్రాలకు అదే లెక్క చేస్తే వచ్చిన ఫలితం మరింత కలవరపెట్టేది: గాటు లోతును దాని మొన వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, ఒకటి కలిపితే ఎన్ని రెట్లో వస్తుంది. ఆ సూత్రాన్నే అంచు మీది గీతకు ఉజ్జాయింపుగా అన్వయించి చూడండి. గీత లోతు మిల్లీమీటరులో పదోవంతు, దాని అడుగున మొన వ్యాసార్ధం అందులో పదోవంతు అయితే, ఆ మొన దగ్గర ఒత్తిడి ఏడు రెట్లు దాటుతుంది. మందం రెట్టింపు చేస్తే సగటు ఒత్తిడి సగమవుతుంది, నిజమే. కాని వేలిగోరుకు తగిలీ తగలని ఒక గీత దానిని ఏడింతలు చేసి కూర్చుంటుంది. బట్టల కొట్టులో గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి మిగతాది చేత్తో చరచర చింపేయడం చూసినవారికి ఇంతకన్నా వివరణ అవసరం లేదు.

మెత్తని ఉక్కు ఒక్కసారి లాగితే ఆ మొన దగ్గర కాస్త సాగి సర్దుకుంటుంది, వెంటనే తెగదు. అసలు ప్రమాదం పదేపదే పడే భారంతో వస్తుంది. ఇంజిను అదురు, గాలి కుదుపులు, దిగినప్పటి దెబ్బలు, ఇవన్నీ వేలసార్లు ఆ మొన మీద పనిచేసి అక్కడ వెంట్రుకవాసి పగులును మొదలుపెడతాయి. ఆ తరువాత అది పెరగడానికి విమానం విన్యాసాలేమీ చేయనక్కరలేదు, మామూలుగా ఎగిరితే చాలు.

లోహం ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. కర్ర విమానాల ఫిట్టింగులకు 4130 క్రోమ్‌మాలీ ఉక్కు, నార్మలైజ్ చేసిన (బాగా కాల్చి గాలిలో చల్లార్చిన) స్థితిలో, అందరూ వాడేదే. పాత నమూనాల్లో కొన్ని 1025 రకం మెత్తని ఉక్కుకు లెక్క కట్టినవి. దాని తెగే బలం చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు కాగా, 4130 పలుచటి రేకుకు అది 90,000 దాటుతుంది. అల్యూమినియంలో 6061-టి6 తేలిక పనులకు బాగుంటుంది గాని, చిన్న వ్యాసార్ధంతో వంచబోతే పగులుతుంది. ఏది కొన్నా దానితో పాటు రకాన్ని ధ్రువీకరించే మిల్లు పత్రం తీసుకోవాలి. రంగూ బరువూ చూసి ఉక్కు రకం చెప్పగలనని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మి రెక్క తగిలించడం నాకు ఇష్టం లేదు.

కోత దగ్గర నుంచి అసలు పని మొదలవుతుంది. పెద్ద కత్తెర యంత్రంతో రేకును కోస్తే పని క్షణంలో అయిపోతుంది, కాని కోత వెంబడి లోహం నలిగి సన్నని చీలికలు మిగిలే అవకాశం ఉంటుంది. అందుచేత నేను బ్యాండ్‌సాతోనో, అది అందని చోట హాక్సాతోనో, గీతకు మిల్లీమీటరు దాకా ఎడంగా కోసి, మిగిలినదంతా ఆకురాయితో తీస్తాను. ఒకే ఆకారపు ముక్కలు నాలుగు కావాలంటే, బోల్టులు రావలసిన చోట్ల చిన్న రంధ్రాలు వేసి నాలుగింటినీ కలిపి బిగించి, ఒకే దిమ్మలా వైస్‌లో పెట్టి అరగదీయడం మంచిది. నాలుగూ అచ్చు గుద్దినట్టు వస్తాయి, మందపు అంచు మీద ఆకురాయి అటూ ఇటూ ఒరగదు. ఆఖరి దెబ్బలు మాత్రం అడ్డంగా కాక అంచు పొడవునా సాగాలి. ఆకురాయిని రెండు చేతులతో అడ్డంగా పట్టుకొని ముందుకూ వెనకకూ లాగితే గీతలన్నీ లాగుడు దిశలోకి తిరుగుతాయి. అలా తిరిగిన గీతకు పగులును పుట్టించే శక్తి దాదాపు ఉండదు. ఆపైన 220 గరుకు కాగితం, తరువాత 400. అంచు మూలలు రెండు వైపులా గుండ్రబడి, వేలు పెట్టి నడిపితే ఎక్కడా ఆగకుండా జారిపోవాలి. కొందరు ఇదంతా అందం కోసం చేసే చాదస్తం అంటారు. ఫిట్టింగు తళతళలాడాలని నాకేమీ లేదు. పైన ఎలాగూ రంగు పడుతుంది.

వంపుల విషయంలో రేకు పుట్టుకను కూడా గుర్తుంచుకోవాలి. మిల్లులో రోలర్ల మధ్య సాగినప్పుడు లోహానికి ఒక దిశ ఏర్పడుతుంది. వంపు గీత ఆ దిశకు అడ్డంగా ఉంటే రేకు సులువుగా ఒదుగుతుంది; దాని వెంబడే ఉంటే వంపు బయటి వైపు పగిలే ప్రమాదం ఎక్కువ. కాబట్టి రేకు మీద ముక్కలను పొదుపుగా అమర్చుకోవాలన్న ఆశను ఇక్కడ కొంత వదులుకోవలసిందే. వంపు గీతను ఉక్కు మీద పెన్సిలుతోనే గీయాలి, గీతల సూదితో గీయకూడదు. అది సరిగ్గా అధిక ఒత్తిడి పడే చోట మనమే పెట్టే గాటు అవుతుంది. అల్యూమినియం మీద పెన్సిలు కూడా వద్దు, అందులోని గ్రాఫైటు తుప్పుకు దారి తీస్తుంది, సన్నని మార్కరు కలం వాడాలి.

వంచడానికి ముందు రేకు పొడవును సరిగా లెక్కవేసుకోకపోతే చెవులు రెండూ ఎగుడుదిగుడుగా వస్తాయి. లంబకోణపు వంపుకు, లోపలి వ్యాసార్ధాన్ని 1.57తోనూ, రేకు మందాన్ని 0.7తోనూ హెచ్చించి కలిపితే ఆ వంపు మింగే పొడవు వస్తుంది. 2 మిల్లీమీటర్ల రేకును 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే 6.1 మిల్లీమీటర్లు. పుస్తకపు లెక్క ఇంత చక్కగా ఉన్నా, నేను తెగిన ముక్క ఒకటి ముందుగా వంచి కొలిచి చూడనిదే అసలు ముక్క జోలికి పోను. వంచే దిమ్మ అంచును కావలసిన వ్యాసార్ధానికి గుండ్రంగా అరగదీసి, రేకుకూ సుత్తికీ మధ్య గట్టి కర్ర ముక్క అడ్డం పెట్టి కొట్టాలి. వదలగానే ఉక్కు కొంత వెనక్కి తిరుగుతుంది కాబట్టి దిమ్మకు లంబకోణం కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ వాలు ఇచ్చుకుంటే సరిపోతుంది. రెండు వంపులు కలిసే మూలలో ముందే గుండ్రటి రంధ్రం వేసి ఉంచకపోతే లోహం ఎటూ పోలేక అక్కడే చిరుగుతుంది.

బోల్టు రంధ్రాలను వంచక ముందు పూర్తి సైజుకు వేయడం నేను మానుకున్నాను. చదును రేకు మీద ఎదురెదురుగా ఉన్న రంధ్రాలు వంచిన తరువాత వెంట్రుకవాసి తప్పుతాయి, ఆ తప్పును సరిచేయడానికి బోల్టును సుత్తితో కొట్టి దింపడమో, రంధ్రాన్ని కోడిగుడ్డులా సాగదీయడమో తప్ప మార్గం ఉండదు. వంచిన చెవుల మధ్య సరిపడే కర్ర దిమ్మను ఇరికించి, డ్రిల్ ప్రెస్ కింద బిగించి, ఒక చెవి నుంచి రెండో చెవిలోకి ఒకే దారిన దింపితే రెండూ ఒకే వరుసలో ఉంటాయి. మామూలు డ్రిల్లు బిట్టు పలుచటి రేకులో గుండ్రటి రంధ్రం వేయదు, మూడు మూలలుగా లాగుతుంది; అందువల్ల బోల్టు వ్యాసానికి కాస్త తక్కువ బిట్టుతో ఆపేసి, చివరి పొరను రీమరుతో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నున్నగా తెచ్చే పనిముట్టుతో), నూనె వేస్తూ, నెమ్మదిగా తీయాలి. రీమరును ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు, తిప్పితే దాని అంచులు పోతాయి, రంధ్రం గోడ మీద గీతలు పడతాయి. రంధ్రం మధ్యబిందువు నుంచి రేకు అంచుకు కనీసం బోల్టు వ్యాసానికి రెండింతల దూరం ఉంచుకోవాలి, పావు అంగుళం బోల్టుకు అది 12.7 మిల్లీమీటర్లు. మందం ఎంత ఉన్నా ఈ దూరం తగ్గితే చెవి కొస చీలిపోతుంది.

రెక్కను బిగువుగా నిలిపే ఉక్కు తీగలను పట్టే ఫిట్టింగులకు ఇంకొక షరతు ఉంది. చెవి సరిగ్గా తీగ లాగే దిశలోకే చూస్తూ ఉండాలి. పక్కకు కాస్త తిరిగి ఉన్నా, లాగిన ప్రతిసారీ అది వంగి నిటారవుతూ ఉంటుంది. ఇందాక చెప్పిన పగులుకు ఇంతకన్నా మంచి పెంపకం ఉండదు. చిత్రంలోని కోణాన్ని నమ్ముకోకుండా, రెక్కను తాత్కాలికంగా అమర్చి, తీగ వెళ్లే చోట బిగువుగా దారం కట్టి, దానిని బట్టి చెవిని వంచుకోవడం నా పద్ధతి.

వెల్డింగు గురించి క్లుప్తంగానే. 4130 గాలికే గట్టిపడే గుణం ఉన్న ఉక్కు, కాబట్టి వెల్డింగు అయిన ముక్కను నీళ్లలో ముంచడం, ఫ్యాను గాలి తగలనివ్వడం చేయరాదు. కదలని గాలిలో తనంతట తాను చల్లారాలి. గ్యాసుతో చేస్తే ఆక్సిజనూ ఎసిటిలీనూ సమానంగా కుదిరిన తటస్థ జ్వాల ఉండాలి, టిగ్ (విద్యుత్తుతో చేసే వెల్డింగు) అయితే అతుకులో కరిగించే తీగగా ఈఆర్70ఎస్-2 బాగా నప్పుతుంది. క్యాడ్మియం పూత పూయించాలనుకునేవారు ఒక విషయం అడిగి తెలుసుకోవాలి. పూత స్నానంలో పుట్టే హైడ్రోజన్ బాగా గట్టిపరచిన ఉక్కులో చేరి దానిని పెళుసుగా మారుస్తుంది, దానిని వెళ్లగొట్టడానికి పూత అయిన వెంటనే 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడిలో ఉంచాలి. ఈ బాధ్యత ఎవరిదో తేలకపోతే పూత జోలికి పోకపోవడమే మేలు. నేను ఎపాక్సీ ప్రైమరుతో సరిపెట్టుకున్నాను. దాని మీద లేత బూడిద రంగు పలుచగా వేశాను. ముదురు రంగు కింద, మందపాటి పౌడరు పూత కింద పగులు గాని తుప్పు మరక గాని బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

ఇంత చేసి తయారైన ఫిట్టింగు కూర్చునేది కర్ర మీద కాబట్టి అక్కడి నియమాలు వేరు. దూలంలోని బోల్టు రంధ్రం లోపలి గోడకు వార్నిషు పట్టించాలి, లేకపోతే తేమ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. నట్టు వైపు వెడల్పాటి ఏఎన్970 వాషరు వేయాలి. బోల్టు మర కర్రలోకి గాని రేకు చెవిలోకి గాని రాకుండా, నున్నటి భాగం మీదనే భారం పడేలా పొడవు ఎంచుకోవాలి. ఉక్కును ఉక్కుకు బిగించినట్టు బిగిస్తే కర్ర నలుగుతుంది, అలాగని ఒకసారి సరిగ్గా బిగించిన నట్టు అలాగే ఉంటుందనుకోవడానికీ లేదు. గాలిలో తేమ తగ్గిన కాలంలో దూలం సన్నబడి నట్టు వదులవుతుంది. అందువల్ల గుడ్డ తొడిగే ముందే, ప్రతి ఫిట్టింగు దగ్గరకూ పానా వెళ్లేలా తెరిచే మూతలు ఎక్కడెక్కడ పెట్టాలో నేను గుర్తు పెట్టుకున్నాను. భూతద్దంతో చూడవలసినవి మూడు చోట్లే: రంధ్రం చుట్టూ అంచు, వంపు వెలుపలి ముఖం, వెల్డింగు గట్టు రేకులో కలిసే గీత.