పట్టేస్తున్న ముందు బ్రేక్: పాత బండి మాస్టర్ సిలిండర్ పని

మొదటి రోజు

పావుగంట నడిపితే చాలు, ముందు చక్రం బరువెక్కుతోంది. బండి చల్లారాక మళ్లీ మామూలే. మొదట కాలిపర్‌నే (చక్రం డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కే భాగం) అనుమానించి, విప్పి పిస్టన్ శుభ్రం చేశాను. తేడా రాలేదు.

ఈరోజు చక్రం పట్టేయగానే ఇంటి ముందు ఆపి, మాస్టర్ సిలిండర్‌కు (లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను కిందికి తోసే భాగం) గుడ్డ చుట్టి, దానికి హోస్‌ను, అంటే ఆయిల్ గొట్టాన్ని, బిగించే బాంజో బోల్ట్ కొంచెం వదులు చేశాను. ఆయిల్ చిమ్మింది, చక్రం వెంటనే వదిలింది. హోస్ లోపల ఉబ్బి అడ్డుపడి ఉంటే పైన వదులు చేసినంత మాత్రాన చక్రం వదలదు. కాబట్టి తేడా మాస్టర్ సిలిండర్‌లోనే ఉంది. బోల్ట్ వదిలాక లైన్లోకి గాలి పోతుంది, బ్లీడ్ చేసేదాకా, అంటే ఆ గాలిని తీసేసేదాకా, బండి తీయకూడదు.

రెండో రోజు

బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. అందుకే ట్యాంకు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద తడిగుడ్డ. మాస్టర్ సిలిండర్ పైనున్న ఆయిల్ తొట్టి మూత స్క్రూలు బిగుసుకుపోయి ఉన్నాయి. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ జారుతుంటే ఆపేసి, జపాన్ బండ్ల స్క్రూలకు వాడే జేఐఎస్ డ్రైవర్ తెచ్చాను. తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా వేశాక కదిలాయి. లోపల ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది, అడుగున జెల్లీలా మడ్డి.

డస్ట్ బూటు (దుమ్ము ఆపే రబ్బరు తొడుగు) వెనకున్న సర్క్లిప్‌కు (పిస్టన్‌ను పట్టి ఉంచే రింగు) సన్నగా, పొడుగ్గా మూతి ఉన్న ప్లయర్ కావాలి. పిస్టన్, కప్పులు (రబ్బరు సీళ్లు), స్ప్రింగ్ వచ్చిన వరసలోనే పెట్టి ఫొటో తీశాను. బోర్‌లో (పిస్టన్ కదిలే గొట్టం) గోటికి తగిలే గీతలేవీ లేవు, పెద్ద ఊరట. గీత ఉంటే పిస్టన్, కప్పుల కొత్త కిట్ వేసినా దండగే.

ఇక అసలు విషయం. ఆయిల్ తొట్టి అడుగున రెండు రంధ్రాలుంటాయి. పెద్దది అందరికీ కనిపిస్తుంది. రెండోది సూదిమొనంత. లివర్ వదిలినప్పుడు, వేడికి వ్యాకోచించిన ఆయిల్ దీంట్లోంచే పైకి రావాలి. అది మూసుకుపోతే ఆయిల్‌కు దారి ఉండదు, ప్యాడ్లను తోస్తూనే ఉంటుంది. బోర్‌లోంచి టార్చి వేస్తే పెద్ద రంధ్రంలో వెలుగు వచ్చింది, చిన్నదాంట్లో రాలేదు. ఇన్నాళ్ల బాధకు కారణం కళ్ల ముందు దొరికినందుకు ఎంత సంతోషమేసిందో!

డ్రిల్ బిట్ పెట్టకూడదు. రంధ్రం పెద్దదవుతుంది, లోపలి అంచు గరుకైతే రబ్బరు కప్పును కోసేస్తుంది. రాత్రంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టాను.

మూడో రోజు

చిన్న రంధ్రంలోకి గిటార్ మొదటి తీగ పెట్టాను, దాదాపు పావు మిల్లీమీటరు మందం. మెల్లగా తిప్పుతూ తోస్తే పచ్చటి మడ్డి ముక్క ఊడి, టార్చి వెలుగు చుక్కలా కనిపించింది.

కిట్ కొనేముందు బాడీ మీద పోతపోసిన బోర్ కొలత చూసుకోవాలి. నాది 14 మి.మీ. ప్రైమరీ కప్పు (ప్రెషర్ పుట్టించే సీలు) పెదవి స్ప్రింగ్ వైపు ఉండాలి. తిరగేస్తే ప్రెషర్ పుట్టదు. కప్పులకు తాజా బ్రేక్ ఆయిల్ మాత్రమే రాయాలి, పెట్రోలు గానీ మామూలు గ్రీజు గానీ తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. బాంజోకు రెండు వైపులా కొత్త వాషర్లు వేశాను.

మూత మీద రాసినట్టే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్, కొత్త డబ్బా. డాట్ 4 కనీస మరుగు స్థానం తాజాగా 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక 155. అందుకే తెరిచిపెట్టిన పాత డబ్బా వాడలేదు. కింద కాలిపర్‌కున్న నిప్పల్ (గాలి తీసే మూతి) నుంచి సిరంజితో పైకి తోస్తే గాలి త్వరగా పోయింది. లివర్‌ను మెల్లగా నొక్కితే చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార లేచింది. దారి తెరుచుకుందనడానికి అదే గుర్తు. లివర్‌కు కొద్దిపాటి ఆట (వదులు) కూడా ఉంచాను. లేకపోతే కప్పు ఆ రంధ్రం మీదే కూర్చుని మళ్లీ ఇదే కథ.

నాలుగో రోజు

ముందు నెమ్మదిగా బ్రేకులు పరీక్షించి, తర్వాత నలభై నిమిషాలు నడిపాను. చక్రం ఎత్తి తిప్పితే సాఫీగా తిరుగుతోంది. బూటు కింద తడి లేదు. పదిరోజుల తర్వాత మళ్లీ చూడాలి.