షిరహమా: తెల్ల ఇసుకకు వలలు కట్టిన ఊరు

చలికాలంలో జపాన్‌లోని షిరహమా ఊళ్లో ఉన్న షిరరహమా బీచ్‌కి వెళ్తే సముద్రం కంటే ముందు ఇసుక మీద వరసలుగా కట్టిన వలలే కళ్లకు అడ్డం పడతాయి. ఫోటోల కోసం అంత దూరం వచ్చాక చిరాకే. కానీ అవి లేకపోతే గాలికి ఇసుకంతా రోడ్డెక్కుతుంది. దాదాపు 620 మీటర్ల తీరం, 90 శాతం సిలికా ఉన్న సన్నటి ఇసుక. వెనక రోడ్లు, హోటళ్లు లేచాక కొత్త ఇసుక వచ్చి చేరడం తగ్గింది, అలలు మాత్రం తీసుకుపోవడం మానలేదు. దాంతో 1980ల చివర్లో ఆస్ట్రేలియా నుంచి తెల్ల ఇసుక తెప్పించి పోశారు. ఇక దాన్ని గాలికి వదులుతారా!

ఒసాకాలోని షిన్-ఒసాకా స్టేషన్ నుంచి కురోషియో ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండున్నర గంటలు. టికెట్ ఐదు వేల యెన్‌కి పైనే, రానూపోనూ చూసుకుంటే గుండె గుభేల్‌మంటుంది. జేఆర్ వెస్ట్ రైల్వే కంపెనీ వాళ్ల కన్‌సాయ్ వైడ్ ఏరియా పాస్ ఉంటే మేలు. పాస్ ఉన్నా సీటు రిజర్వ్ చేసుకోవాల్సిందే, 2022 నుంచి ఈ రైల్లో అన్నీ రిజర్వుడు సీట్లే. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ అడగాలి. సముద్రం అటే ఉంటుంది. దారిలో వచ్చే మినబె ఊరు ఉమె అనే పుల్లటి పండ్లకు పేరు. ఆ పండ్లని ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఉమెబోషిని మన ఉసిరి ఊరగాయకు చుట్టమనుకోవచ్చు, కారం ఒక్కటే తక్కువ.

స్టేషన్ నుంచి బీచ్ నడిచే దూరం కాదు, బస్సులో పావుగంట పైనే. బస్సెక్కగానే నంబరు చీటీ తీసుకోవాలి. ముందున్న బోర్డు మీద ఆ నంబరు కింద ఛార్జీ పెరుగుతూ కనిపిస్తుంది. దిగేటప్పుడు చీటీ, సరిగ్గా చిల్లర కలిపి డబ్బాలో వేయాలి. చిల్లర మార్చే మెషీన్ డ్రైవర్ పక్కనే ఉన్నా పదివేల నోటుతో దాని ముందు నిలబడితే పని జరగదు. వెయ్యి నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

బీచ్ మీద చెత్తబుట్ట నాకు కనిపించలేదు. శుభ్రతకి మూలం అక్కడే ఉంది: తెచ్చినవాడే తీసుకుపోతాడు. ఒక ఖాళీ కవరు సంచిలో ఉండాలి. రుషికొండకి 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, మంచిదే, కానీ మనకి ఇంకా ఊడ్చేవాళ్ల మీదే భారం.

నడిచి వెళ్లగలిగే దూరంలో సకి-నో-యు ఉంది, అలల పక్కనే రాళ్లలో వేడినీటి స్నానం. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు. స్విమ్ సూట్ కుదరదు, సబ్బు కుదరదు. తువ్వాలు మనమే తీసుకెళ్లాలి. అలలు పెద్దవైతే మూసేస్తారు, అందుకే ఉదయమే కనుక్కోవడం నయం. మొహమాటపడేవాళ్లకి బీచ్ మీదే షిరసునా అనే ఇంకో వేడినీటి స్నానం ఉంది. వేసవిలో స్విమ్ సూట్‌తో దిగొచ్చు, చలికాలంలో కాళ్లు మాత్రం పెట్టుకోవచ్చు.

పాండాల కోసం పిల్లల్ని తీసుకెళ్లొద్దు. ఊళ్లో బొమ్మలున్నాయి గాని, ఇక్కడ ఉండే అసలు పాండాలు 2025 జూన్‌లో చైనా వెళ్లిపోయాయి. సాన్‌దన్‌బెకి కొండగుహకి లిఫ్టులో దిగడానికి వెయ్యి యెన్ దాటి తీసుకుంటారు, నాకైతే ఎక్కువనిపించింది. పైనుంచి కొండ అంచు ఉచితంగానే కనిపిస్తుంది. సెన్‌జోజికి బండల మీద వద్దన్నా పేర్లు చెక్కినవాళ్లున్నారు, అది జపాన్‌లోనూ ఉందన్నమాట.

నడుమ రంధ్రం ఉన్న ఎన్‌గెత్సు దీవిలోంచి అస్తమించే సూర్యుడు కనిపించేది పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల రోజుల చుట్టుపక్కలే. జూన్, జులైల్లో సూర్యాస్తమయం ఏడు దాటుతుంది, ఒసాకా వైపు ఎక్స్‌ప్రెస్‌లు తొందరగా అయిపోతాయి. చివరి రైలు టైము చూసుకోకుండా అక్కడ కూర్చోకండి.