మనిషినని చెప్పడానికి సబ్బు ప్రకటన
నిన్న కావలిలో మా నాయన ఫోన్లో ఒక ఫారం నింపుతున్నాడు. చివర్లో ‘మీరు మనిషేనా’ అనే క్యాప్చా. వంకర అక్షరాల బదులు సబ్బు ప్రకటన. ఆ నినాదం టైప్ చేస్తేనే ముందుకు పోతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు చిట్లించి, చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. రెండుసార్లు తప్పు. "ఈ సబ్బు కొనాల్నా అబ్బయా?" అన్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది.

2007లో వచ్చిన రీక్యాప్చాలో మనం కొట్టిన పదాలు పాత పుస్తకాలను డిజిటల్ చేయడానికి పనికొచ్చాయి. ఆ శ్రమకు అర్థముంది. ప్రకటనల క్యాప్చాలు 2010లోనే అమెరికాలో మొదలయ్యాయి. టీవీలో ప్రకటన వస్తే లేచి మంచినీళ్లు తాగొస్తాం. ఇక్కడ లేస్తే ఫారం పోతుంది. మూడోసారి నేనే కొట్టిచ్చాను. నాయన ఇంకా ఆ సబ్బు పేరే పలుకుతున్నాడు.