బ్యాగుకు తాళం లేకపోతే అందులోవన్నీ పోలీసులు చూడొచ్చా?

"లాక్ లేకుంటే ఎవడైనా చూస్తడు, మేం చూస్తే తప్పేంది?" హన్మకొండలో ఒక పోలీసాయన మా మేనల్లుడితో అన్న మాట ఇది. విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. జరిగింది రాస్తున్నాను, వాడిని అడిగే రాస్తున్నాను.

వాడిది నర్సంపేట వైపు ఊరు. నయీంనగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పోయిన నెల ఒక సాయంత్రం రీడింగ్ హాల్ అరుగు మీద బ్యాగు పెట్టి, ఫోన్ కూడా అందులోనే వదిలేసి, రోడ్డు అవతల చాయ్ తాగడానికి వెళ్లాడు. అక్కడ చదువుకునే పిల్లలందరూ అలాగే పెడతారు. తిరిగొచ్చేసరికి ఇద్దరు పోలీసులు బ్యాగు విప్పి పుస్తకాలు, నోట్సులు అన్నీ అరుగు మీద పరిచారు. ఒకాయన చేతిలో ఫోన్ ఉంది. దానికి లాక్ లేదు. "నాదే సార్" అని వీడు చెప్పాక కూడా ఆపలేదు, వాట్సాప్‌లో గంజాయి అని కొట్టి వెతికారు, ఏమీ దొరక్కపోతే గ్యాలరీ తెరిచి ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలతో సహా ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. బ్యాగు సైడు జేబులో మందుల షీటు కనిపించింది. "ఈ గోలీలేంది?" అని అడిగారు. చుట్టూ పది పన్నెండు మంది చదువుకునే పిల్లలు.

"ఫిట్స్‌కు వాడ్త సార్."

ఆ మాట వాడు రూమ్‌లో ఉండేవాళ్లకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మేం నలుగురం తప్ప ఎవరికీ తెలియదు. రేపు ఉద్యోగం, పెళ్లి అన్నీ ఉన్నాయి కదా అని మా అక్క ఇన్నేళ్లు దాచుకుంటూ వచ్చింది. ఇప్పుడు హాల్ మొత్తానికి తెలుసు. వాళ్లు బ్యాగు అక్కడే వదిలేసి, సామాను జాగ్రత్తగా పెట్టుకోవాలని చెప్పి వెళ్లిపోయారు. వాడు ఆ హాల్‌కు పోవడం మానేశాడు.

ఎవరిదో తెలియని బ్యాగు జనం తిరిగే చోట ఉంటే పోలీసులు చూడాల్సిందే, దానికి నేను అడ్డం చెప్పను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి, అంతకు ముందు 2007 ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్క్, అవి చూసిన మనం అనాథగా పడి ఉన్న సంచీని పట్టించుకోవద్దని ఎట్లా అంటాం? గంజాయి సంగతీ నిజమే. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు భద్రాచలం, ఖమ్మం మీదుగా మన వైపు వస్తుంది, కాజీపేట జంక్షన్ నుంచి ఇటు హైదరాబాద్‌కు అటు ఢిల్లీ వైపుకు బండ్లున్నాయి, పట్టుబడ్డ వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. కానీ బాంబు ఉందేమో అని తెరిచిన బ్యాగులో బాంబు లేదని తేలిపోయి, అది నాదని మనిషి వచ్చి నిలబడ్డాక, ఇక వాట్సాప్‌లో వెతికేది దేని కోసం? ఏ అనుమానంతో చెయ్యి పెట్టారో ఆ అనుమానం తీరగానే చెయ్యి తీసేయాలి. వాకిలి తలుపు తీసి ఉందని దారిన పోయేవాళ్లు వంటింట్లోకి వచ్చి కుండల మూతలు తీసి చూడరు కదా.

ఫోన్లు ఇలా చూడటం ఇదే మొదలు కాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద పోయేవాళ్లను ఆపి, చాటింగ్‌లో గంజాయి అనే పదం వెతికిన వీడియోలు అందరం చూశాం. జనం సహకరిస్తున్నారని అప్పుడు అధికారులు చెప్పారు. యూనిఫాం వేసుకున్న మనిషి ఫోన్ ఇవ్వు అంటే ఇరవై ఏళ్ల పిల్లాడు ఏం చేస్తాడు, ఇస్తాడు. దాన్ని సహకారం అని నేను అనను, అది భయం. మా వాడి విషయంలో అయితే ఆ అడగడం కూడా లేదు.

ఇంగ్లండ్‌లో ఇంకో రకం జరిగింది. 2009లో లండన్‌లోని రిచ్‌మండ్‌లో పోలీసులు తాళం వేయని కార్లలోంచి విలువైన సామాను తీసుకెళ్లి, స్టేషన్‌కు వచ్చి తీసుకోండి అని చీటీలు పెట్టారు. దొంగల నుంచి కాపాడటానికే అన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, అయినా అడగకుండా నా కారులో చెయ్యి పెట్టే హక్కు ఆ ఉద్దేశం వల్ల ఎవరికీ రాదు.

మన చట్టం కూడా తాళం ఉందా లేదా అని చూడదు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని సవరించి, కలెక్టర్ పంపిన మనిషి ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల కాగితాలు చూడొచ్చు, పట్టుకుపోవచ్చు అని పెట్టుకుంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గోప్యత హక్కు మనిషిది, చోటుది కాదు అన్నది. అంటే నా కాగితం నా చేతిలో లేదు, ఇంకొకరి దగ్గర ఉంది, అయినా నా హక్కు నాతోనే ఉంది. అట్లాంటప్పుడు అరుగు మీద పెట్టిన బ్యాగుతో ఆ హక్కు ఎట్లా పోతుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఇంకా గట్టిగా చెప్పారు.

పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం కేసు దర్యాప్తులో పోలీసులు వారంట్ లేకుండా ఒక చోటు సోదా చేయాలంటే కారణం రాసుకోవాలి, ఆ కాగితాల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి, సోదాను వీడియో తీయాలి. మా వాడి విషయంలో కేసే లేదు, ఇక కాగితం ఎక్కడిది. పైగా 1973లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు, సోదా తప్పుగా జరిగినా దొరికిన సాక్ష్యం చెల్లుతుందని చెప్పింది. అందుకే రూల్ తప్పిన పోలీసుకు పెద్దగా పోయేదేమీ ఉండదు. నా దృష్టిలో అసలు లోపం అక్కడ ఉంది.

ఈ మాట వరంగల్‌లో కూర్చుని రాస్తున్నప్పుడు పాత సంగతులు గుర్తు రాకుండా ఉండవు. నక్సలైట్ల ఉద్యమం నడుస్తున్న 1978లో సిరిసిల్ల, జగిత్యాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు, ఆ తర్వాత మన జిల్లాల్లో ఇంట్లో ఏ పుస్తకం ఉందో చూసి మనిషిని లెక్కగట్టిన ఏళ్లు చాలా నడిచాయి. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు పౌరహక్కుల కోసం ఊరూరా తిరిగింది ఆ రోజుల్లోనే. అప్పుడు పుస్తకం, ఇప్పుడు ఫోన్.

ఇది చెప్తే మనవాళ్లు మొదట అడిగింది "వాడు అక్కడెందుకు పెట్టిండు?" అని. రెండోది, తప్పు చేయనప్పుడు భయమెందుకని. ఫిట్స్ రావడం తప్పా? ఆ గోలీలు దాచుకోవడం నేరమా?

వాడితో మాట్లాడి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయించాను. ఆ రోజు ఆ వీధిలో చెకింగ్ ఎవరి ఆదేశంతో జరిగింది, స్టేషన్‌లో రోజూ రాసే జనరల్ డైరీలో దాని గురించి ఏం రాశారు, ఫోన్ తెరవడానికి ఏ సెక్షన్ వాడారు, ఈ మూడే అడిగాం. కమిషనర్‌కు వేరే ఫిర్యాదు కూడా పెట్టాం, అందులో గోలీల సంగతి రాయాలా వద్దా అని మా అక్క చాలాసేపు ఆలోచించి, చివరికి రాయమన్నది. రెండూ స్పీడ్ పోస్టులో వేశాం. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వస్తే ఇక్కడే పెడతాను, రాకపోతే అప్పీలుకు వెళ్తాం.