46 ఏళ్లకు రిజిస్టరు పెళ్లి: ‘మీకు పెళ్లి కాలేదని రుజువేటమ్మా?’

పెళ్లి సర్టిఫికెట్ నిన్న మధ్యాహ్నం చేతికొచ్చింది. నలభై దాటాక పెళ్లి గురించి ఆలోచిస్తున్న ఆడవాళ్లు మా రాజాం చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను. నాకు 46. ఆయనది నరసన్నపేట, 52 ఏళ్లు, భార్య పోయి ఆరేళ్లయింది. మేళాలూ ముహూర్తాలూ వద్దనుకుని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టాం.

పెళ్లి చేసుకోబోతున్నామని ఇద్దరూ సంతకం చేసిన నోటీసు ఫారం, ఆధార్, పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్, ఫొటోలు, ఆయన మొదటి భార్య మరణ ధ్రువపత్రం. ఇవన్నీ ఒక్క పూటలో సర్దేశాం. ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండాలి. రాజాం 2022 ఏప్రిల్ 4న విజయనగరం జిల్లాలో కలిసింది కానీ, నా ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళం అనే ఉంది. మీదీ అలాగే ఉంటే ముందే మార్పించుకోండి.

అసలు అవమానం రిజిస్ట్రారు ఆఫీసు కౌంటరు దగ్గర. ‘నాన్నగారు రావాల’ అన్నాడు గుమస్తా. లేరన్నాను. ‘పోనీ అన్నయ్యో, బావగారో?’ పక్కనే నిలబడ్డ ఆయన్ని మాత్రం మీ తరఫున ఎవరొచ్చారని అడగలేదు. ఆడవాళ్లకు 18, మగవాళ్లకు 21 నిండితే చట్టానికి పెద్దల అనుమతితో పని లేదు. ఆ మాటే చెప్పాను. ఫైలు పక్కకు తోసి, ‘ఇన్నాళ్లూ మీకు పెళ్లి కాలేదని రుజువేటమ్మా?’ అన్నాడు, హాలంతా వినపడేలా.

ఆయన భార్య పోయిందనడానికి కాగితం ఉంది. జరగని పెళ్లికి కాగితం ఎవరిస్తారు? మా వార్డు సచివాలయానికి పొమ్మన్నారు. అక్కడ, వీధిలో ఇద్దరు పెద్దల చేత రాయించుకు రమ్మన్నారు. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో పాఠాలు చెప్తున్నదాన్ని, ఎదురింటి పిన్నిగారి ముందు నిలబడి నాకు పెళ్లి కాలేదని రాసివ్వమని అడిగాను. ఆవిడ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, ‘ఒలమ్మా, ఈ వయసులో ఏటే ఇది’ అంది. చివరికి సంతకం పెట్టింది. తీరా తీసుకెళ్తే అది చెల్లదు, నోటరీ అఫిడవిట్ కావాలన్నారు. ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా!

తర్వాత చట్టం తీసి చదివాను. పెళ్లినాడు సంతకం చేసే డిక్లరేషన్‌లో మొదటి వాక్యమే ‘నేను ప్రస్తుతం అవివాహితను’ అని. అబద్ధమైతే జైలు, జరిమానా. చట్టానికి నా మాట చాలు, ఆ కౌంటరుకు చాలలేదు. అందుకే చెప్తున్నాను: ఏ కాగితం అడిగినా, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమని అర్జీ పెట్టండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నేను అర్జీ పెట్టిన రోజే నోటీసు బోర్డుకెక్కింది.

నోటీసు 30 రోజులు. ఆయనది పక్క జిల్లా కాబట్టి ఒక ప్రతి అక్కడికీ వెళ్లింది. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు కానీ, దానికి కారణాలు చట్టంలోనే ఉన్నాయి: బతికున్న భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, వయసు చాలకపోవడం, దగ్గరి చుట్టరికం. ‘ఈ వయసులో ఎందుకు’ అన్నది అందులో లేదు. అసమంజసంగా అడ్డుపడితే వెయ్యి రూపాయల దాకా ఖర్చులు కట్టించవచ్చు కూడా. మేనబావను చేసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త, ఈ చట్టం నిషేధ జాబితాలో మేనరికం ఉంది. బోర్డుకెక్కడం ఇష్టం లేని హిందువులు గుళ్లో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకోవచ్చు, దానికి ఈ నెల రోజుల నోటీసు లేదు.

గడువు దాటాక, నోటీసిచ్చిన మూడు నెలల్లోపు ముగ్గురు సాక్షులతో వెళ్లాలి. ప్రమాణం తెలుగులోనే చేశాం, రెండు నిమిషాలు.

ఒంటరిగా ఉన్న నా స్నేహితురాళ్లు ‘ఇప్పుడు అవసరమా’ అన్నారు. అవసరమని చేసుకోలేదు, ఇష్టపడి చేసుకున్నాను. వద్దనుకున్నవాళ్లదీ నిండు జీవితమే, ఇరవై ఏళ్లు నేనూ అలాగే హాయిగా ఉన్నాను. కానీ చేసుకునేవాళ్లు ఆస్తి సంగతి ముందు చూసుకోవాలి. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది తండ్రి వారసులకు వెళ్తుంది. సొంతంగా సంపాదించింది భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు. నా జీతంతో కొన్న స్థలంలో మా చెల్లికి సెంటు కూడా రాదన్నమాట. పీఎఫ్ నామినీగా తమ్ముడి పేరుంటే పెళ్లితో అదీ చెల్లదు, కొత్తగా ఇవ్వాలి.

ఆయనతో కూర్చుని వీలునామా చిత్తుప్రతి రాసేశాం. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయిస్తాను, వేరే ఊరి ఆఫీసులో.