ఫ్రెడ్డీ దారిలో మారిషస్

2023 శివరాత్రికి గంగా తలావ్ చూడాలని మారిషస్ వెళ్లాను. భుజాన కావళ్లతో రాత్రంతా నడిచి వచ్చిన జనంతో కొండమీది ఆ చెరువు గట్టు నిండిపోయింది. అయితే ఎవరి నోట విన్నా శివుడి పేరుతో పాటు ఇంకో పేరు కూడా వినిపిస్తోంది: ఫ్రెడ్డీ. ఆస్ట్రేలియా దగ్గర పుట్టి, హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా దాటుకుంటూ ఇటే వస్తున్న తుఫాను అది.

నేను దిగింది ఉత్తరాన గూడ్‌ల్యాండ్స్‌లో, ఒక తెలుగువాళ్ల ఇంట్లో. 1836లో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన వాళ్లతోనే అక్కడి తెలుగువారి కథ మొదలవుతుంది. మాది కాకినాడ. కోరంగి మాకు పక్క ఊరే. మూడేళ్ల తర్వాత, 1839 నవంబరులో, ఆ రేవునే ఉప్పెన ముంచేసింది. ఈ సంగతి చెబితే ఆ ఇంటి మామ్మగారు "అయ్యో" అన్నారు. ఆవిడకి వచ్చిన కొద్దిపాటి తెలుగులో ఆ మాట ఎంత చక్కగా పలికిందో!

మర్నాటి నుంచి ఇల్లంతా ఒకటే హడావిడి. బ్రెడ్డు, డబ్బా చేపలు, కొవ్వొత్తులు తెచ్చారు. బకెట్లన్నీ నీళ్లతో నింపారు. పూలకుండీలు లోపలికి చేర్చారు. రేడియో మాత్రం ఆపలేదు. మన రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండు దాకా ఉంటాయి కదా, అక్కడ హెచ్చరికలు నాలుగే తరగతులు. గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి రావడానికి ముందు, వీలైనంతవరకు, పన్నెండు గంటల పగటి వెలుతురు మిగిలేలా రెండోది ఇస్తారు. ఆరు గంటల వెలుతురు మిగిలేలా మూడోది. చీకట్లో ఎవరూ ఇంటి కప్పు ఎక్కి రేకులు బిగించుకోలేరని తెలిసినవాళ్లు పెట్టిన లెక్క అది. నాకు ఎంతో నచ్చింది.

ఫిబ్రవరి 20వ తేదీన మూడో తరగతి హెచ్చరిక అమల్లో ఉంది. రోడ్డు మీద పిట్ట లేదు. నాకు ఒకటే టెన్షన్. 1996 నవంబరు తుఫాను రాత్రి మా ఇంట్లో విన్న హోరు మళ్లీ చెవుల్లో మొదలైంది. కాకపోతే అక్కడ గాలి తిరిగేది మనకు ఎదురు దిశలో, గడియారం ముల్లులాగా. గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కేంద్రం మనకు కుడిచేతి వైపు ఉంటుంది, వాళ్లకు ఎడమచేతి వైపు.

ఆ మధ్యాహ్నం మామ్మగారు 1960 నాటి కరోల్ తుఫాను గురించి చెప్పారు. ఆవిడ అక్కడి వాడుక భాష క్రియోల్‌లో చెబుతుంటే మనవడు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. అప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, దీవి మీదుగానే వెళ్లింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయి, ఎండ వచ్చిందట. అందరూ బయటికి వచ్చి పడిపోయిన ఇళ్లు చూసుకుంటుంటే, వాళ్ల నాన్న మాత్రం పిల్లల్ని మళ్లీ లోపలికి లాక్కెళ్లారట. రెండోసారి గాలి అవతలి దిక్కునుంచి కొట్టింది. ఆ ద్వీపంలో ఇళ్లకు సిమెంటు కప్పులు పెరిగింది ఆ తర్వాతే.

ఫ్రెడ్డీ దీవికి ఉత్తరంగా, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి వెళ్లిపోయింది. మాకు ఆకులు, కొమ్మలు ఊడ్చుకోవడంతో సరిపోయింది.

మార్చి రెండో వారంలో కాకినాడలో టీవీ పెడితే ఆఫ్రికాలోని మలావీలో బురద కింద ఇళ్లు, వందల చావులు. తుఫాను పేరు అదే. మామ్మగారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకా పోలేదా అది?" అన్నారు ఆవిడ.